పోచమ్మ మీద ఒట్టు

కోటగిరి పక్కన మా ఊళ్లో వార్డు మెంబరుగా గెలిచిన వారం నేను నేల మీద నడిచింది తక్కువ. తలంటుకున్నా జుట్టులోంచి గులాల్ పోలేదు. పోవాలని నాకూ లేదు. అద్దం ముందు నిలబడి ప్రమాణం సాధన చేస్తూ, "దైవసాక్షిగా" అన్న మాట దగ్గర గొంతు పెంచి చెయ్యి కూడా ఊపుతున్నాను. మా అత్తమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి ఆపింది.

మా ఇంట్లో దేవత మీద ఒట్టు పెట్టరు. పెడితే తీర్చాలి, లేదా ఊరి దేవత పోచమ్మ ముందు నిలబడి దించుకోవాలి. మా గల్లీలో మురుగు పోయే మోరీ కట్టిస్తానని ఇంటింటికీ చెప్పి గెలిచాను. నిధులు రాకపోతే? సర్కారు చేసే ఆలస్యానికి పోచమ్మ నా పిల్లల్ని పట్టుకుంటుందని అత్తమ్మ భయం. దేవుడి పేరు మీద ఒట్టు పెట్టేటట్టయితే ఆ పదవే వద్దని తేల్చేసింది. నాకు ఏడుపొచ్చింది. అంత తిరిగి గెలిచిన కుర్చీ ఒక్క మాట దగ్గర పోయేలా ఉంది.

మండలం నుంచి వచ్చిన అధికారిని భయపడుతూనే అడిగాను. రాజ్యాంగమే రెండు దారులు చూపించిందనీ, దేవుడి పేరు మీదైనా ఆత్మసాక్షిగానైనా సర్కారుకు రెండూ సమానమేననీ ఆయన నవ్వుతూ చెప్పాడు. కాళ్లు మొక్కేదాన్నే, బాగుండదని ఆగాను.

పంచాయతీ ముందు టెంటు కింద అందరూ దైవసాక్షిగా దంచేశారు. సర్పంచ్ అన్న అయితే కళ్లు మూసుకొని, కాగితంలో లేకపోయినా పోచమ్మ పేరు కలిపి మైకు అదరగొట్టాడు. చప్పట్లు. నా వంతు వచ్చింది. ఆత్మసాక్షిగా అన్నాను. వెంటనే గుసగుసలు మొదలయ్యాయి. ఈమె దేవుణ్ణి వదిలేసిందట, ఇక పోచమ్మకు నైవేద్యపు బోనం ఎత్తదట. సర్కారు నా దేవుడి సంగతి నాకే వదిలేసింది గానీ, ఊరు వదులుతుందా? నా మొహంలో నవ్వు ఆరిపోయింది.

ఆడవాళ్ల మధ్యలోంచి అత్తమ్మ లేచింది. ఊళ్లో మొదటి బోనం ఎత్తేది ఆమే కాబట్టి నోళ్లన్నీ మూతపడ్డాయి.

"తల్లిని నమ్మింది గాబట్టే ఒట్టు పెట్టలే. మీరంత పెట్టిండ్రు గద, ఇగ తీర్చుండ్రి."

నాకు ఆగని నవ్వు. కొంగు అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

ఎన్నికల ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం ఎక్కడైనా మామూలే. పోచమ్మ ఒట్టును పెట్టడానికి మా ఊళ్లో గట్టు లేదు. తెల్లారి సర్పంచ్ అన్న కొబ్బరికాయ పట్టుకొని మా గడపలో నిలబడ్డాడు. ఒట్టు దించే దారి ఏమైనా ఉందా అని అత్తమ్మను గొంతు తగ్గించి అడిగాడు.

"కాయతోని దిగదు బిడ్డా. గల్లీల మోరీ కట్టు, అదే దిగుతది."

ఆయన వెళ్లగానే అత్తమ్మను పట్టుకొని వాకిట్లో గిర్రున తిప్పాను. నాకు ఏ ఒట్టూ లేదు, ఏ భయమూ లేదు అని పాటలా అన్నాను. ఆమె విడిపించుకొని చీర సర్దుకుంది.

"నీకు ఒట్టెందుకే? అడగనీకి నేనున్న గద ఇంట్ల."