పిలుపు అందని నర్సమ్మ

మొన్న గురువారం పొద్దున వాచ్‌మన్ నా తలుపు కొట్టి, "మీ నర్సమ్మ పోయిందమ్మా" అన్నాడు. ఆమె నాకు చుట్టం కాదు, పైగదిలో అద్దెకున్న మనిషి. ఆ మాట వాచ్‌మన్‌తో అనలేకపోయాను.

అమీర్‌పేటలో మా చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ కంప్యూటర్ కోర్సుల పిల్లలకు హాస్టళ్ళైపోతున్న రోజుల్లో ఆమె రిటైరై వచ్చింది. ఉద్యోగమంతా పల్లెల్లోనే. కుటుంబ నియంత్రణ గురించి ఇల్లిల్లూ తిరిగి, కాగితాలు పంచి చెప్పే పని. వీధిలో పంచే కోర్సుల కరపత్రం ఒక్కటీ వద్దనేది కాదు. సాయంత్రాలు నా దగ్గర కూర్చున్నప్పుడు, ఈ వయసులో జావా దేనికే అని నేను సాధిస్తే, ఇచ్చింది తీసుకోకుండా పోతే ఎట్లుంటదో తనకు తెలుసనేది.

పల్లెలో ఆమె కోడలితో నేరుగా మాట్లాడేది కాదట. ముందు అత్త పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. "అత్త ఒప్పుకోనిది కోడలు నోరిప్పదు పెద్దమ్మా" అనేది, నేనూ ఒక అత్తనేనన్న సంగతి మరిచిపోయినట్టు. ఆపరేషనైన మనిషి బరువెత్తకూడదని, ఆ ఇంటికి తానే నీళ్ళు మోసేది. అదే ఇంట్లో పుట్టిన బిడ్డకు తొట్టెల పండుగైతే మాత్రం పిలుపు ఉండేది కాదు. ఆమె కాలు పెడితే కడుపులు పండవని భయం. ఒకసారి ఆ దారినే పోతుంటే బయట అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టారట. కూర బాగుందని కూడా చెప్పింది నాకు.

మా మనవరాలి సీమంతానికి నేను పిలిచాను. వచ్చి గడప బయటే ఆగింది. ఆమె పని సంగతి మా కోడలి నోటి నుంచి అప్పటికే అందరికీ చేరింది. లోపలి ఆడవాళ్ళు గడప వైపు తిరిగారు.

"నేనేం పని చేసిననో తెలిసే పిలిచినవా పెద్దమ్మా?"

"గాజులు తొడగడానికి పిలిచాను, ఆపరేషన్‌కు కాదు. లోపలికి రా."

ఆమె గడప దాటలేదు. మనవరాలే పీట మీద నుంచి లేచి వెళ్ళి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, రెండు చేతులూ ఆమె ముందు చాపింది. ఒక్కో గాజూ తొడుగుతూ, నొస్తుందా బిడ్డా అని అడుగుతూనే ఉంది నర్సమ్మ. చివరికి మా కోడలు ఆమెకూ డజను గాజులు తెచ్చి ఇచ్చింది.

పంజాగుట్ట శ్మశానానికి మా అబ్బాయి, వాచ్‌మన్, ఇద్దరు హాస్టల్ పిల్లలు వెళ్ళారు. ఆ పల్లెలకు కబురు చేద్దామంటే పేర్లు తెలియవు. ఆమె నీళ్ళు మోసిపెట్టిన కోడళ్ళు ఈపాటికి అత్తలై, కోడళ్ళను సాధిస్తూ ఉంటారు. నాకే, సాయంత్రమైతే సాధించడానికి మనిషి లేదు.

సీమంతం రోజు అందరూ వెళ్ళిపోయాక ఆమె మెట్లెక్కి పోతుంటే గాజుల చప్పుడు కింది దాకా వినిపించింది. పైన తలుపు వేసుకున్నాక కూడా, ఇంకో మనిషి లేని ఆ గదిలో అది చాలాసేపు వినిపిస్తూనే ఉంది.