అడిగి నడిచిన దారి

ఇంగ్లండ్‌లోని మార్కెట్ స్కెల్బీ అనే ఊళ్లో నూట యాభై గజాల కాలిబాట ఒకటి ఉండేది. సంత మండపం వెనుక మొదలై, ఫీల్డింగ్ వారి పొలం గేటు దాటి, సన్యాసినుల ఊటబావి దగ్గర ముగిసేది. ఊరివాళ్లు సాయంత్రాలు సరదాగా నడిచే ఆ బాటను నలభై మూడేళ్లపాటు ఒక్క రోజు తప్పకుండా తొక్కిన మనిషి మ్యూరియల్ పిక్‌థాల్. గురువారపు సంతలో చీజ్ అమ్మేది. రోజూ తెల్లవారగానే బావికి వెళ్లి, నీటిమీద రాలిన ఆకులు తీసి, రాతి అంచు తుడిచి వచ్చేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతమివ్వలేదు.

ఊరు ఆ బావిని మెచ్చుకోవడంలో మాత్రం ఏ లోటూ చేయలేదు. చరిత్ర సంఘం వారు దాని బొమ్మను పింగాణీ కప్పులమీద, గిన్నెలు తుడిచే గుడ్డలమీద అచ్చువేసి అమ్ముకున్నారు. సంఘం అధ్యక్షురాలు డాఫ్నీ క్రోక్‌ఫోర్డ్ బావి మహిమ గురించి గంటసేపు ఉపన్యసించగలదు. అక్కడి బురద ఆమె బూట్లకు అంటిన రోజు ఎవరికీ గుర్తు లేదు.

మూడేళ్ల క్రితం ఆ పొలాన్ని లాంగ్రిష్ అనే అతను కొన్నాడు. వచ్చీ రాగానే గేటుకు తాళం వేశాడు; మ్యూరియల్ నడకా అక్కడితో ఆగింది. పశువుల పేడనీళ్లకు బావి పక్కనే గుంట తవ్వించాడు. నెల తిరగకముందే ఊటలో పచ్చటి నురగ తేలింది. కంపు సంతదాకా కొట్టేది. జనం ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో బావి బొమ్మ కప్పులు కొనేవారు.

ఇరవై ఏళ్లపాటు జనం బలవంతం చేయకుండా, దాచుకోకుండా, ఎవరి అనుమతీ లేకుండా నడిచిన బాట జనానిదే అవుతుంది. మా చట్టంలో నేను మనసారా గౌరవించే నియమాలు కొన్నే; వాటిలో ఇదొకటి. ఊరి న్యాయవాది కార్యాలయంలో పనిచేస్తున్న నేను ఆ బాట కోసం దరఖాస్తు రాశాను. సాక్షులు కావలసి వచ్చి మొదట శ్రీమతి క్రోక్‌ఫోర్డ్ గడప ఎక్కాను.

"మా వేసవి విందుకి డేరా ఇచ్చేది లాంగ్రిష్ గారే తల్లీ," అంది ఆమె. "ఇప్పుడు ఆయనకి వ్యతిరేకంగా సంతకం పెడితే ఏం బాగుంటుంది చెప్పు?"

ఆమె చెప్పిన మాటే ఇంచుమించు ఊరంతా చెప్పింది. ముందుకు వచ్చిన ఆరుగురిలో ఐదుగురు ఈ మధ్య ఊరికి చేరినవారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ బాటలో నడిచిన సాక్షి మ్యూరియల్ ఒక్కతే. ఫారంలో "ఎవరైనా అనుమతి ఇచ్చారా?" అన్న ప్రశ్నకు ఆమె "లేదు" అని గుండ్రంగా రాసింది. నేను దాన్ని నమ్మి ఊరుకున్నాను.

విచారణ పురపాలక మందిరంలో జరిగింది. విచారణాధికారి అడిగాడు: "గేటు తీసుకుని మీరే వెళ్లిపోయేవారా?"

"ముందు నెడ్ ఫీల్డింగ్‌ని పలకరించేదాన్నండీ. 'ఏం నెడ్, వెళ్లొచ్చా?' అంటే, 'నువ్వు అడగడమేంటి మ్యూరియల్, వెళ్లు వెళ్లు' అనేవాడు పాపం."

లాంగ్రిష్ వకీలు కుర్చీలో ముందుకు జరిగాడు. "రోజూ అడిగేవారా, మేడమ్?"

"అడక్కుండా ఒకరి పొలంలో కాలు పెడతామా నాయనా? మీ ఇంట్లో అలాగే చేస్తారా ఏం?"

మందిరంలో నవ్వులు లేచాయి. వకీలు కూడా హాయిగా నవ్వాడు.

"ఆయన పోయాక?"

"వాళ్లబ్బాయిని అడిగేదాన్ని. మర్యాద మర్యాదే కదా!"

అడిగి నడిస్తే అనుమతితో నడిచినట్టేనని దరఖాస్తు కొట్టేశారు. నలభై మూడేళ్ల నడక ఆ మర్యాద కింద నలిగిపోయింది. అడక్కుండా దూరిన దొంగకు దక్కే హక్కు, తలుపు తట్టి వచ్చిన మనిషికి దక్కలేదు.

"అది అనుమతా? ఉత్త పలకరింపు కదమ్మా!" అని మ్యూరియల్ మెట్లమీద నన్ను నిలదీసింది. ఆ ముక్క ముందే అడిగి తెలుసుకోవలసింది నేను.

పది రోజుల తర్వాత ఆమె ఒక ఉత్తరం పట్టుకుని కార్యాలయానికి వచ్చింది. లాంగ్రిష్ రాశాడు: ఆమె వయసును గౌరవించి, మంగళవారాల్లో ఆమె ఒక్కతే బావికి వెళ్లడానికి సంతోషంగా అనుమతిస్తున్నాడట. ఆ మందపాటి కాగితాన్ని తాకగానే నా వేళ్లకు జిడ్డు అంటినట్టు అనిపించింది.

"మంచివాడే అంటావా?" అంది మ్యూరియల్. "బదులు రాయాలిగా మరి."

"ఇది మంచితనం కాదండీ, రెండో తాళం. దీనికి మీరు తలూపితే దారి ఆయనదేనని మీరే ఒప్పుకున్నట్టు. రేపు ఎవరు అడిగినా ఇదే చూపిస్తాడు."

"అంటే నేను వెళ్లొచ్చు, మిగతావాళ్లు వెళ్లకూడదు?"

"అంతే."

"ఆయనగారి పేడనీళ్లు మంగళవారం మంగళవారం నేను ఎత్తిపొయ్యాలి. బాగుంది వరస!"

డెబ్బై ఎనిమిదేళ్ల ఆ మనిషికి బావి దగ్గరికి మిగిలిన దారి ఆ ఉత్తరం ఒక్కటే. నా బల్లమీది కాగితం తీసుకుని, చేతి తొడుగు విప్పి రాసింది: "అయ్యా, నేను అనుమతి అడగలేదు. నాకు అక్కర్లేదు. మ్యూరియల్ పిక్‌థాల్."

"కృతజ్ఞతలతో అని పెట్టనా?" అని అడిగింది.

"వద్దు."

పెన్ను కాసేపు కాగితం పైనే ఆగింది. చివరికి మూత పెట్టింది.

"స్టాంపు ఉందా? నేనే పోస్టులో వేస్తాలే. నీ చేతికిస్తే రేపు పొద్దున్న వెనక్కి అడుగుతాను, నా సంగతి నాకు తెలీదూ?"

ఆ తర్వాత ఏ మంగళవారమూ ఆమె బావి వైపు వెళ్లలేదు.