వదిన గొంతు పోయిన రోజు

మా మాండా వదిన నోటి గురించి మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కారులో మా అన్నయ్య యోసో పక్కన కూర్చుందంటే చాలు, ఇక ఆ నోటికి తాళం పడదు. "ఎడమకి, ఎడమకి. రాయి ఉంది. లారీ వస్తోంది, ఆగు. ఆఁ, ఇప్పుడు పోనీ." రేవు దగ్గర్నుంచి రొట్టెల కొట్టు దాకా వెళ్ళినా ఇదే వరస. కాఫీ కొట్టు ముందు కూర్చునే మగాళ్ళు, "స్టీరింగు యోసోది, బండి నడిపేది మాండా నాలుక" అని పగలబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. సొంత ఆడపడుచుని, ఆ మాత్రం హక్కు నాకు లేదా?

నిజం చెప్పాలంటే వదిన మొదట్నుంచీ అలా లేదు. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని చేసినన్నాళ్ళూ ముక్తసరిగా ఉండే మనిషి. పెన్షన్ వచ్చాక మెల్లమెల్లగా నోరు పెరిగింది. తీరిక ఎక్కువై పోరు మొదలెట్టింది అనుకున్నాను. అన్నయ్య మీద జాలి కూడా పడ్డాను. ఉద్యోగమంతా వెలెబిట్ కొండ మీది ఆ మెలికల రోడ్డు మీదే బస్సు నడిపిన వాడు. అలాంటి వాడికి రోడ్డు నేర్పుతుందా ఈవిడ!

మా తీరంలో ఇళ్ళున్న వాళ్ళెవరూ వేసవిలో సొంతింట్లో పడుకోరు. జూన్ వచ్చిందంటే మంచాలు, వంటిల్లు, సముద్రం వైపు వసారా అన్నీ అద్దెకి దిగే అతిథులవి. ఇంటివాళ్ళలో కొందరు గ్యారేజీలో సర్దుకుంటారు, కొందరు కొట్టుగదిలో. నేను కొట్టుగదిలో ఉంటాను. అన్నయ్యా వదినా మాత్రం కారు వెనక కారవాన్, అంటే చక్రాల మీది గది, తగిలించుకుని కొండ దాటి లికాకి పోతారు. అక్కడ గాత్స్కా ఏటి ఒడ్డున సెప్టెంబరు చివరిదాకా మకాం. వదిన పుట్టిందే ఆ ఏటి దగ్గర. సముద్రమంటే ఆవిడకి ఇప్పటికీ భయం, మోకాళ్ళ లోతు దాటి దిగదు. అన్నయ్యకేమో పడవ కనిపించకపోతే అన్నం సహించదు. అందుకే వేసవి ఆవిడది, చలికాలం ఆయనది. పెళ్ళైన కొత్తలో ఎన్ని గొడవలు పడ్డారో గానీ, ముసలితనంలో ఈ ఒప్పందం వాళ్ళకి భలే కుదిరింది. ఇల్లు అతిథులకిస్తేనే ఆ పెన్షన్లకి తోడు ఏదో నాలుగు రాళ్ళు. కారవాన్ కదిలితేనే ఇల్లు ఖాళీ అయ్యేది. కారవాన్ కదలాలంటే అన్నయ్య బండి నడపాలి. వదినకి నడపడం రాదు.

కిందటి ఏడు సెప్టెంబరు చివర్లో నేను బస్సెక్కి లికా వెళ్ళాను. చలికాలానికి బంగాళాదుంపలు, పులియబెట్టడానికి క్యాబేజీలు నాకు అక్కడివే కావాలి. ఏటా అల్లుడు తెచ్చిపెట్టేవాడు, ఆ ఏడు అతగాడికి కుదరలేదు. సరే, అన్నయ్యవాళ్ళు ఎలాగూ కిందకి దిగుతున్నారు కదా, వాళ్ళతో వచ్చేయొచ్చనుకున్నాను.

వెళ్ళేసరికి వదినకి గొంతు పూర్తిగా పోయి ఉంది. ఏటి చలికి జలుబు చేసిందట. నోరు తెరిస్తే బుస్సుమని గాలి తప్ప మాట లేదు. నాకు నవ్వాగలేదు.

"అన్నయ్యా, నీ పంట పండింది! ఈ ఒక్కరోజైనా ప్రశాంతంగా బండి నడుపుకో" అన్నాను.

అన్నయ్య నవ్వలేదు. "తగ్గేదాకా ఉందామనుకున్నాం" అన్నాడు నెమ్మదిగా.

ఉండేవాళ్ళే. ఇంతలో ఫోన్ మోగింది. చివరి అతిథులు ఇప్పుడే వెళ్ళిపోతున్నామని, అన్నయ్య పడవ తిప్పి తెచ్చి రేవు గోడ బయటి కొంకికి కట్టామని చెప్పారు. మంచి పనే చేశామనుకుని ఉంటారు పాపం. బయటి కొంకికి కట్టిన పడవ బురా వీస్తే తుక్కుతుక్కే. కొండ మీంచి సముద్రం మీద విరుచుకుపడే ఆ గాలికి మా రేవులో పగలని పడవ లేదు. ఇక అన్నయ్య కాలు నిలవలేదు. పడవ లోపలికి లాగమని నేను పక్కింటి వాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. గాలి ముదిరితే రోడ్డువాళ్ళు కారవాన్లకి గొలుసు అడ్డం వేసేస్తారు. అది వేసేలోపే కొండ దాటాలన్నాడు.

బయల్దేరే ముందు ఎప్పుడూ అడిగే మాటే ఆ రోజూ అడిగాడు. "మాండా, టోపీ ఉందా?"

టోపీ అంటే కొండ శిఖరం మీద తెల్లగా కప్పుకునే మబ్బు. అది ఉంటే బురా వస్తోందని మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు. ఉంటే ఆగాలి, లేకపోతే కదలాలి. నేను వెనక సీట్లో కూర్చుని, కారవాన్‌లో నా బస్తాలు సరిగా పెట్టారో లేదో అని ఒకటే సతమతమవుతున్నాను. వదిన ఉందన్నట్టు తలూపడం మాత్రం చూశాను. అన్నయ్య ఒక్క క్షణం ఆగి, బండి కదిలించాడు. వదిన ఆయన చొక్కా పట్టుకు లాగింది, ఆయన విదిల్చుకున్నాడు. ఒకసారి తిరిగి నా వైపు చూసింది. ఏదో చెప్పబోయి, పెదాలు బిగించుకుంది.

మొండి ఘటం, పడవ కోసం పెళ్ళాం మాట కూడా వినడు అనుకున్నాను. నాకూ ఇల్లు చేరే తొందర ఉంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

కొండకి ఆ వైపు రోడ్డు తిన్నగా ఉంటుంది. బాగానే వెళ్ళాం. శిఖరం దాటి సముద్రం కనిపించగానే మొదటి దెబ్బ తగిలింది. ఎవరో భుజంతో తోసినట్టు కారవాన్ పక్కకి ఊగి, దాంతోపాటు కారు తోక కూడా జరిగింది. కింద సముద్రం నిండా తెల్లటి నురగ. బురా వచ్చేసింది.

"మాండా, మాట్లాడు" అన్నాడు అన్నయ్య.

వదిన ఆయన తొడ మీద చేత్తో ఎడమవైపు తట్టింది.

"మాట్లాడవే!" అని అరిచాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. భయం ఉంది అందులో.

"ఎలా మాట్లాడుతుందయ్యా, గొంతు పోయిందని తెలుసుగా! ఇన్నాళ్ళూ ఆ పోరు నీకు పడదనుకున్నాను, ఇప్పుడేమో..." అని నేను అంటూ ఉండగానే వదిన వెనక్కి తిరిగి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. నా చెవి తన నోటి దగ్గరికి లాక్కుంది.

"నువ్వు చెప్పు లూత్సా. మలుపులు చెప్పు. ఆయనకి కనబడదు."

"ఏం కనబడదు?"

"రోడ్డు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆపు! ముందు బండి ఆపు!"

"ఇక్కడ ఆపితే కారవాన్ అడ్డం తిరిగి లోయలోకి లాగుతుంది" అన్నాడు అన్నయ్య. విచిత్రం, ఇప్పుడు గొంతు బస్సు నడిపే రోజుల్లోలా నిదానంగా ఉంది. "కింద రాతి కొట్టం దగ్గర కొండ చాటు ఉంది. అక్కడిదాకా చెప్పు చెల్లీ. ఏ మలుపు తర్వాత ఏ మలుపో నాకు తెలుసు. ఇప్పుడు వచ్చేది ఎడమ. ఎప్పుడు వస్తుందో అది చెప్పు. గీత ఎటుందో చెప్పు. ఎదురు బండి వస్తే చెప్పు. ఏడవకు, చెప్పు."

ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. సీట్ల మధ్య నుంచి ముందుకు వంగాను.

"తిన్నగా... తిన్నగా... ఇప్పుడు! ఎడమ! ఇంకా, ఇంకా తిప్పు!"

తిరిగింది. కారవాన్ కూడా మూలుగుతూ తిరిగింది.

"గీత నీ కింద ఉంది. కుడికి జరుగు. కొంచెం చాలు, కొంచెం! రాయి! రోడ్డు మీద రాయి!"

"ఎటువైపు?"

"నీ వైపే, ఎడమ!"

తప్పించాడు. కానీ నేను ఆలస్యంగా చెప్పాను. కుడివైపు అద్దం ఇనప కంచెకి తగిలి పగిలి ఎగిరిపోయింది. కంచె అవతల ఏమీ లేదు, గాలే. వదిన ఒక చేత్తో నా చెయ్యీ, ఇంకో చేత్తో ఆయన మోకాలూ పట్టుకుని ఉంది. ఇంకో మలుపు తిరిగి కొండ మా కుడివైపుకి రాగానే, ఎదురు మలుపు చాటు నుంచి లారీ వచ్చింది.

"లారీ! పెద్దది! మధ్యలో వస్తోంది!"

"కొండ వైపు ఎంత ఉంది?"

"మూర. మూరంత!"

"మూర చాలు" అన్నాడు. జరిపాడు. లారీ హారన్ మోగిస్తూ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. వాడు తిట్టిన తిట్టు ఆ గాలిలో కూడా వినిపించింది. తిడితే తిట్టాడు, బతికే ఉన్నాం అనుకున్నాను.

ఆ తర్వాత ఎన్ని మలుపులు తిరిగామో నాకు గుర్తులేదు. రాతి కొట్టం కనిపించగానే నా నోటి వెంట మాట కూడా రాలేదు, కేక వచ్చింది. కొండ చాటున బండి ఆపాడు. ఇంజను ఆపాక కూడా చేతులు స్టీరింగుని వదల్లేదు. వదినే ఒక్కొక్క వేలూ విడదీసింది.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "ఎన్నాళ్ళబట్టి? చెప్పు, ఎన్నాళ్ళబట్టి? గుడ్డివాడివి బండి తోలుతున్నావా? ఆ లారీలో వాడికి పెళ్ళాంపిల్లలు లేరా? నువ్వు ఎక్కించుకున్న మా వదినకి... కాదు, నీ పెళ్ళానికి ప్రాణం లేదా?" అంటూ ఏదేదో అన్నాను. మాటలు తడబడ్డాయి, ఆగలేదు.

"మొత్తం గుడ్డి కాదు" అన్నాడు తల వంచుకుని. "నడిమధ్య అంతా పొగ. నిన్ను చూస్తే ముఖం ఉండదు, చెవులు కనిపిస్తాయి. డాక్టరు ఇక తగ్గదన్నాడు. నేను నడపకపోతే మాండా ఏటికి పోలేదు చెల్లీ. ఏటికి పోకపోతే ఇది చచ్చిపోతుంది."

వదిన గొంతు లేకుండా ఏడ్చింది. తర్వాత నాతో చెప్పింది. టోపీ ఉందని నాతో చెప్పించొచ్చు కదా అంటే, "నువ్వు పక్కనుండగా ఆయనకి కొండ కూడా కనబడదని ఎలా ఒప్పుకోనూ? పరువు పోదా?" అంది. తలూపితే ఆయనకి కనిపించలేదు. టోపీ ఉంటే ఎలాగైనా చెవిలో ఊదేదని, ఏమీ వినబడలేదు కాబట్టి లేదనుకున్నాడు; చొక్కా లాగితే నెమ్మదిగా పొమ్మంటోందనుకున్నాడు. పరువట! ముగ్గురం ఆ పరువు పట్టుకుని లోయలోకి పోయేవాళ్ళం.

గాలి కొండ చాటుకి కూడా చుట్టుకొచ్చింది. కారవాన్ చక్రం ఒకటి లేచి పడింది. అన్నయ్య దిగి, తడుముకుంటూనే కొక్కెం విప్పేశాడు. ఆ చేతులకి కళ్ళతో పనిలేదు. కారు కొట్టం వెనక్కి దొర్లించుకుని, గోడకి ఆనుకుని కూర్చున్నాం. కాసేపటికి కారవాన్ తీరిగ్గా పక్కకి ఒరిగి, కంచె విరుచుకుని వెళ్ళిపోయింది. చప్పుడు చాలాసేపటికి గానీ ఆగలేదు.

"నా క్యాబేజీలు!" అన్నాను. సిగ్గులేని నోరు, అప్పుడు అదే వచ్చింది. ముగ్గురం పిచ్చివాళ్ళలా నవ్వాం.

రోడ్డువాళ్ళు పసుపు బండిలో వచ్చారు. అందులో పెద్దతను అన్నయ్యని గుర్తుపట్టాడు. "యోసో మామా! నువ్వా? గొలుసు వేసేలోపు దాటేద్దామనుకున్నావా? ఇంతకీ ఎవరు నడిపారు, నువ్వేనా?"

వదిన నా వైపు చూసింది. నేను అబద్ధం చెప్పడానికి సిద్ధపడ్డాను, దేవుడి మీద ఒట్టు. అన్నయ్యే తాళం చెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"నేనే నడిపాను. ఇక నడపను. నాకు కనబడదు."

అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

పడవ సంగతా? నేను ఫోన్ చేసే వేళకే పక్కింటి వాళ్ళు దాన్ని ఒడ్డుకి లాగుతున్నారు. అందుకే ఫోన్ ఎత్తలేదు. దాని కోసమా మేం చావబోయింది!

ఆ చలికాలం అన్నయ్య పడవ దగ్గరికి పోలేదు. వసారాలో సముద్రం వైపు ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. ఏ సముద్రం కనిపించేదో ఏమో. వేసవికి ఇల్లు ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. "ఎక్కడికి పోతాం? గ్యారేజీలో నన్ను చూస్తూ కూర్చుంటావా?" అన్నాడు. వదినకి గొంతు తిరిగొచ్చింది గానీ మాట తగ్గించింది. మర్నాటి నుంచి కార్లోబాగ్ ఊళ్ళో డ్రైవింగ్ నేర్పే కుర్రాడి దగ్గరికి వెళ్ళడం మొదలెట్టింది, తెల్లజుట్టుతో, ఫ్యాక్టరీ రోజుల నాటి కోటు వేసుకుని. రెండుసార్లు పరీక్ష తప్పింది. కాఫీ కొట్టు వాళ్ళు మళ్ళీ నవ్వారు. ఈసారి నేను వాళ్ళ మీదికి కుర్చీ ఎత్తాను. మూడోసారికి వదిన గెలిచింది.

జూన్‌లో అతిథులు వచ్చారు. కారవాన్ లేదు కాబట్టి డేరా ఒకటి కారు మీద కట్టుకున్నారు. మొదటిసారి కొండెక్కడం కదా, తోడుగా నన్నూ రమ్మంది వదిన. వద్దనే ధైర్యం లేదు, వెళ్ళడానికీ ధైర్యం లేదు. బురాలో పడవ తాడు పట్టుకున్నట్టు వదిన స్టీరింగు పట్టుకుంది. చెవుల వెనక చెమట. అన్నయ్య పక్క సీట్లో కూర్చుని, ఊరు దాటగానే మొదలెట్టాడు.

"ఇప్పుడు కుడి మలుపు. లోపలికి తిప్పకు, వెడల్పుగా తీసుకో. దీని తర్వాత రోడ్డు ఇరుకు. నీళ్ళు కారే చోటు వస్తుంది, నెమ్మది. రెండో గేరు. రెండో గేరన్నానా?"

ఒక్క మలుపు తప్పలేదు. కళ్ళు మూసుకుని చెబుతున్నాడు.

"అబ్బబ్బ, నోరు ముయ్యవయ్యా! నాకు కళ్ళున్నాయి" అంది వదిన.

అన్నయ్య ఆగిపోయాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఒక మలుపు వచ్చింది, వదిన తిప్పింది. ఇంకో మలుపు వచ్చింది, తిప్పింది. రాతి కొట్టం దగ్గరపడింది. విరిగిన కంచె ఇంకా బాగుచేయలేదు. వదిన వేళ్ళు తెల్లబడటం వెనక సీట్లోంచి నాకు కనిపించింది.

"ఎందుకు ఆపావు?" అంది. "చెప్పు. మలుపులు చెప్పు."