సోంబారి సంతకం

డుంబ్రిగుడ సంతలో అల్లం బస్తాలు వానకు తడిసి ఆ ఘాటు ముక్కుకు తగిలితే, మా సీనియర్ అప్పలనరసమ్మ గారు పక్కనే కోపంగా నిలబడినట్టు ఉంటుంది. అరకులో ఆవిడ దగ్గర జూనియర్ వకీలుగా చేరిన తొలి ఏడాది నేను చేసిన పాపం ఆ సంతలోనే నా కళ్లకు కట్టింది.

పాంగి సోంబారి ఆసుపత్రి నర్సు. అదే పేరుతో, అదే తండ్రి పేరుతో రెండు రిజిస్ట్రేషన్లు ఉన్నాయని, రెండోది మోసం చేసి పొందిందని నర్సుల రిజిస్ట్రేషన్ కార్యాలయం ఆమెకు నోటీసు పంపింది. మన్యంలో సోమవారం పుట్టిన ఆడపిల్ల సోంబారి. తండ్రుల పేర్లూ అలా వారాల మీద పెట్టినవే, పాంగి అన్న ఇంటిపేరూ ఊరూరా ఉన్నదే. ఈ మాత్రం విచారించడానికి అక్కడ ఒక్కరికీ తీరిక లేకపోయింది. "రెండోది నాది కాదు సార్. పక్క పంచాయతీ సోంబారిది" అని ఆమె నాకు చెప్పింది. అప్పుడు సీనియర్ మోకాలి ఆపరేషన్ కోసం విశాఖలో ఉన్నారు. వాయిదాల చుట్టూ ఎవడు తిరుగుతాడని, "పొరపాటున రెండుసార్లు దరఖాస్తు చేశాను, క్షమించండి" అని నేనే టైపు చేయించి, "బేగి తేలిపోద్ది, పెట్టమ్మా" అన్నాను. నన్ను నమ్మి చదవకుండానే సంతకం పెట్టింది. ఆ కాగితాన్నే నేరం ఒప్పుకోవడంగా తీసుకున్నారు. రిజిస్ట్రేషన్ రద్దయింది, ఉద్యోగం పోయింది.

తిరిగి వచ్చిన సీనియర్ ఫైలు చదివి, "ఆ గుంట నీకు నిజం సెప్పిందా, లేదా?" అన్నారు.

"చెప్పింది."

"అయితే తెలిసే రాశావన్నమాట."

కుంటుతూనే నన్ను సంతకు లాక్కెళ్లి, అల్లం బస్తాల మధ్య నిలబడి "సోంబారీ!" అని కేకేశారు. నలుగురు ఆడవాళ్లు తిరిగి చూశారు. వాళ్లలో ఒక ముసలామె పకపకా నవ్వింది. "ఏ సోంబారి కావాలమ్మా? సోమారం పుట్టినోళ్లకి ఇంకేటి పేరెడతారు?"

"విన్నావా బాబూ? ఈవిడ బడి మొగం సూడలేదు. నువ్వు లా సదివావు."

రెండో సోంబారిని వెతికించి, ఇద్దరినీ రిజిస్ట్రేషన్ అధికారి ముందు నిలబెట్టారు. ఇద్దరు మనుషులు కళ్లెదుట ఉన్నా ఆయన కాగితాన్నే చూశాడు. "తప్పు ఒప్పుకున్నాక చేసేదేముంది?" అన్నాడు. ఆ రాత నాదని నేను అఫిడవిట్ ఇస్తే తప్ప దారి లేదు. ఇస్తే నా వకీలు సనదు పోతుందేమోనని మూడు వారాలు నాన్చాను. ఇంజెక్షన్లు వేయాల్సిన ఆమె చేతులు ఆ మూడు వారాలూ కాఫీ తోటలో కూలికి కలుపు తీశాయి. చివరికి సీనియర్ తెల్లకాగితం నా ముందుకు తోసి, "నీ సనదంటే నీకంత పేనం. దాని రిజిస్ట్రేషను దానికి పేనం కాదేటి?" అన్నారు. రాశాను. నాకు మందలింపుతో సరిపోయింది. ఆమెకు రిజిస్ట్రేషన్ తిరిగి వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. ఈ వ్యవహారమంతటిలో కాగితం మీద క్షమాపణ కోరింది ఏ తప్పూ చేయని సోంబారి ఒక్కతే.

సర్టిఫికెట్ కోసం ఆమె మా ఆఫీసుకు వచ్చినప్పుడు, అందినట్టు సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాను. "ముందు సదవనీయండి సార్" అంది. మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. అంతసేపూ నేను నిలబడే ఉన్నాను. సీనియర్ నన్ను కూర్చోమనలేదు. ఆవిడ ఇప్పుడు లేరు. ఎవరైనా చదవకుండా కలం అందుకుంటే నేను కాగితం వెనక్కి లాక్కుంటాను. చదువు రానివాళ్లకు నేనే చదివి వినిపిస్తాను, లేచి నిలబడి.