రెక్క బలం రొమ్ములోనే

మొగుడు పోయిన రెండో నెలలో హజ్రా బీ మరిదితో పోట్లాడింది. ఇంటి కోసమో స్థలం కోసమో కాదు, పావురాల కోసం.

ఆమె మొగుడు ఇలియాస్ నరసరావుపేటలో లారీ మెకానిక్. పగలంతా గ్రీజు చేతులు, సాయంత్రమైతే మేడ మీద పావురాలు. ఆయన పోయాక వాటికి గింజలేసేది హజ్రానే. ఆయన చేతి మీద వాలే చుక్కల పావురం గాలిపటాల మాంజా దారం తగిలి రెక్క విరిగి పడింది. మరిది హబీబుల్లా, మనిషి చేతికి కట్టినట్టే కోడిగుడ్డు సొన పూసి, రొమ్ము చుట్టూ గుడ్డ బిగించాడు. కాసేపటికే అది నోరు తెరిచి రొప్పసాగింది. హజ్రా కత్తెరతో కట్టు కోసేసింది.

"ఏంది భాబీ, కట్టు విప్పేశావ్?"

"వేలు పెట్టి చూడు. రొమ్ములో కత్తి అంచులాంటి ఈ ఎముక కదిలితేనే దానికి ఊపిరి. నువ్వు దాన్నే బిగించావు."

రెక్కను ఒంటికి చేర్చి వదులుగా కట్టింది. ఎముక అతుక్కుంది గానీ, పావురం ఎగరలేదు.

"ఎగరని కబూతర్ కూరకే," అన్నాడు హబీబుల్లా. "మిగతావి పావురాలు కొనే సత్తెనపల్లి ఆసామికి ఆదివారం ఇచ్చేస్తున్నా."

"ఎముక బాగానే ఉంది. పడుకుని పడుకుని కండ కరిగింది. కోడిని కోసేటప్పుడు చూడలేదా? రొమ్ము పెద్ద కండ రెక్కను కిందికి కొడుతుంది. దాని అడుగున సన్న కండ ఉంటుంది, దాని తెల్లనరం లాగితే చచ్చిన కోడి రెక్క కూడా పైకి లేస్తుంది. రెండూ రొమ్ములోనే. పని చెబితేనే బలం."

రోజూ వంటింట్లో దాని కాళ్లు వేళ్ల మధ్య పట్టుకుని, చెయ్యి గభాల్న దించేది. పడతానన్న భయంతో అది రెక్కలు కొట్టేది.

ఆదివారం ఆసామి గంపతో వాకిట్లో నిలబడ్డాడు. హజ్రా చున్నీ తలకు చుట్టుకుని మేడెక్కింది. పక్క మేడ మీద మంగమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఏమే, మొగుడు పోయి నాలుగు నెలలన్నా కాలేదు, ఇద్దత్ గడువు తీరకుండా, పరాయి మగాడు వాకిట్లో ఉండగా గడప దాటొచ్చా?"

"ఇద్దత్ నాకు పిన్నీ. దీనికి లేదు."

పావురాన్ని పైకి విసిరింది. దభీమని నేల మీద పడింది.

"గంప పైకి తెప్పించేదా?" వెనకే మేడెక్కిన హబీబుల్లా నవ్వాడు.

మళ్లీ తీసి విసిరింది. ఈసారి అది వంకరగా, ఒక పక్కకు ఒరిగి, టపటపా కొట్టుకుంటూ మంగమ్మ నీళ్లట్యాంకు మీద వాలింది.

"అంతేనా?" అన్నాడు.

"ఇవాల్టికి అంతే. కిందున్నాయనకు చెప్పు, ఒక్క ఈక కూడా ఇచ్చేది లేదు. ఆ ఆసామి వెళ్లిపోయేదాకా నేనీ మెట్లు దిగను."