అరికాలు చూసుకోమన్న అక్క

పొద్దున ఆఫీసు బస్సులో ఉండగా బావగారి ఫోన్ వచ్చింది. "అమ్మా, మీ అక్క పోయింది. పొద్దుగాల చాయ్ అడిగి తాగింది. జరసేపు పండుకుంట అన్నది. మళ్ల లేవలే" అన్నారు. ఫోను పెట్టేయడం మరిచిపోయినట్టున్నారు, వాళ్ల గల్లీలో కూరగాయల బండివాడి కేక చాలాసేపు వినిపిస్తూనే ఉంది.

ఆమె నాకు చుట్టమేమీ కాదు. యూసుఫ్‌గూడలో నేను కిరాయికున్న గది కింద ఉండే ఇంటావిడ. హైటెక్ సిటీలో కంపెనీల మీద కంపెనీలు లేస్తున్న రోజుల్లో, తెనాలి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి ఆ ఇంట్లో దిగాను. "ఓనరుగారూ" అని పిలిస్తే, "ఓనరు లేదు గీనరు లేదు, అక్కా అను" అంది. నేను పెళ్లయి మియాపూర్ వెళ్లిపోయాక కూడా అక్క అక్కే, బావగారు బావగారే.

మీరూ ఆమెను చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. పాటల్లో హీరోయిన్ వెనక ఒకే రంగు లంగాలు కట్టి ఆడే వరసల్లో ఆమె ఉండేది. బావగారు లైట్‌మన్. ఫిల్మ్ నగర్ స్టూడియోలోనే వాళ్లిద్దరికీ పరిచయం. టీవీలో తన పాట వస్తే వంటింట్లోంచి గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చేది. "అగో నేను, అగో... పాయె!" అనేది. నేను తల తిప్పేలోగా హీరోయిన్ చున్నీ అడ్డమొచ్చేది.

ఒక ఆదివారం అక్క డాబా మీద సబ్బునీళ్లలో దుప్పట్లు తొక్కుతోంది. కాలెత్తినప్పుడల్లా మడమ కింద నల్లగా ఏదో కనిపించింది.

"అక్కా, కాలికేదో అంటుకుంది, చూడండి."

"అంటుకునుడు కాదు చెల్లె, ఆనె. ఔట్‌డోర్ షూటింగ్‌ల ముల్లు గుచ్చుకుంటే నల్లబడ్డది. ప్లాస్టర్ ఏసిన, జిల్లేడు పాలు పెట్టిన, పోతలేదు. పోయినేడు గింతే ఉండె" అని చిటికెన వేలి గోరు చూపించింది.

దగ్గరికెళ్లి చూశాను. ఆనెలా గట్టిగా లేదు. ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమరంగు, అంచు సిరా ఒలికినట్టు వంకరటింకరగా ఉంది. నాకు వైద్యం తెలియదు. కానీ "పోయినేడు గింతే ఉండె" అన్న మాటకు భయమేసింది. వారమంతా వెంటపడితే, శ్రీనగర్ కాలనీలో చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరికి రావడానికి ఒప్పుకుంది.

ఆయన చిన్న లైటున్న భూతద్దం లాంటి పరికరాన్ని ఆమె మడమకు ఆనించారు. దానికి కెమెరా ఉంది, బొమ్మ పక్కనే కంప్యూటర్ తెర మీదికొచ్చింది. మచ్చ తెరంతా నిండిపోయింది.

"చూడమ్మా, అరికాలి చర్మం మీద దుక్కిలో లాగా మిట్టలూ పల్లాలూ ఉంటాయి. మామూలు పుట్టుమచ్చ అయితే రంగు పల్లాల్లో ఉంటుంది. నీకు మిట్టల వెంబడి పాకింది. ముక్క తీసి పరీక్షకి పంపాలి" అన్నారు.

అక్క ఆ తెర వంకే చూస్తోంది. "గింత పెద్దగ నా మొహమెన్నడు రాలే సార్ తెర మీద. కాలు వచ్చింది, చూడుండ్రి" అంది. డాక్టరుగారు నవ్వలేకపోయారు.

మెలనోమా అని తేలింది. చర్మ క్యాన్సర్లలో మొండిది. మనవాళ్లకు అది ఎక్కువగా అరికాళ్లలోనో, అరచేతుల్లోనో, గోళ్ల కిందనో వస్తుందని అప్పుడే తెలిసింది. మచ్చనూ, దాని చుట్టూ వెడల్పుగా మడమ చర్మాన్నీ కోసి తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి అతికించారు. గజ్జల్లో లింఫ్ గ్రంథులు కూడా పరీక్షించారు, అప్పటికి అక్కడిదాకా పాకలేదు. ఆసుపత్రిలో ఒక్కసారీ కంటతడి పెట్టలేదు. ఇంటికొచ్చిన చాన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం కింద ధబ్ ధబ్‌మని చప్పుడైతే దిగి వెళ్లాను. కిటికీ చువ్వ పట్టుకుని, నోటితో లెక్క చెప్పుకుంటూ ఏదో స్టెప్పు వేయబోతోంది.

"ఎడమకాలు మాట వింటలేదు చెల్లె" అంది. నవ్వబోయింది. నవ్వు రాక అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను.

కొన్ని నెలలకోసారి డాక్టరుగారు ఆమె వీపూ చేతులూ కాళ్లూ, ప్రతి మచ్చా ఫోటో తీసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసేవారు. "సినిమాల కంటిన్యూటీ చూసినట్టే గద సార్. మొన్న గాజులు ఎన్నున్నయో ఇయ్యాల గన్నే ఉండాలె" అని ఆయన్ని నవ్వించింది. మధ్యలో ఇంటి దగ్గర నేను నా డిజిటల్ కెమెరాతో తీసేదాన్ని. మచ్చ పక్కన స్కేలు పెట్టి, కిటికీ వెలుతురులో. బావగారు ఊరుకునేవారు కాదు. "నీడ పడుతుందమ్మా, ఇటు జరుగు" అంటూ తెల్ల దుప్పటి పట్టుకుని వెలుగు సర్దేవారు.

ఆడలేకపోయినా డాన్స్ మాస్టరుగారు ఆమెను వదులుకోలేదు. కొత్తగా చేరిన అమ్మాయిలకు స్టెప్పులు నేర్పే పని ఇచ్చారు. కుర్చీలో కూర్చుని చప్పట్లతో తాళం వేస్తూ నేర్పేది. ముందు మాత్రం అందరినీ వరసగా కూర్చోబెట్టి, "కాళ్లు సాపుండ్రి" అనేది. వాళ్లు కిసుక్కున నవ్వేవారు. "మొహానికి గంటసేపు అద్దం చూస్తరు. గా అరికాలు ఏం పాపం చేసిందే?" అని కసిరేది.

ఒక అమ్మాయి పాదం వంపులో నల్లమచ్చ కనిపించింది. ఆ పిల్ల గబుక్కున కాలు ముడుచుకుంది. అక్కే ఆటోలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. తెర మీద రంగు పల్లాల్లోనే, సన్నటి గీతల్లా ఉంది. మామూలు పుట్టుమచ్చ. ఆ సాయంత్రం మా అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించి, "ఏం లేదని తెలుసుకునుడు గూడ పండుగే" అంది. ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. అంతకు ముందు పరీక్షంటే నాకు చెడ్డ కబురు చెప్పేదనే లెక్క.

ఆమె విషయంలో ఆ పండుగ కొన్నేళ్లు సాగింది. పోయినేడు దగ్గు తగ్గకపోతే ఒళ్లంతా స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో చుక్కలు వెలుగుతూ కనిపించాయి. డాక్టరుగారు ఏదీ దాచలేదు. ఆమె అన్నీ విని, "మీరు మంచిగ చూసిండ్రు సార్. గిన్నేండ్లు మీరిచ్చినయే" అని దండం పెట్టింది.

ఇద్దరం ఆటో ఎక్కాం. "ఇంటాయనకు నేనే చెప్త. నువ్వు సీదా మియాపూర్ పో. నీ మొహం చూస్తే ఆయనకు మొత్తం తెలిసిపోతది" అంది.

"మీ మొహం చూస్తే తెలీదా అక్కా?"

"నాది మేకప్ మొహం. దాచుడు ఆదత్ అయింది."

అన్నదే గానీ, ఆ సాయంత్రం బావగారు తలుపు తీయగానే ఆయన భుజం మీద వాలిపోయిందట. తరవాత ఆయనే చెప్పారు.

మందులు కొన్నాళ్లు పనిచేశాయి, తరవాత మానేశాయి. మళ్లీ స్కాన్ తీద్దామన్నప్పుడు, "ఇగ చాలు సార్. తెలుసుకుని ఏం చేస్త? ఇంట్ల ఉంట" అంది. డాక్టరుగారు బలవంతపెట్టలేదు. నొప్పికి మందులిచ్చి, తనే ఇంటికొచ్చి చూసి వెళ్లేవారు.

ఈ పొద్దున బస్సు దిగి నేను వెళ్లేసరికి ఇల్లంతా జనం. స్టూడియోలో షూటింగ్ ఆపించుకుని ఆమె నేర్పిన అమ్మాయిలు వ్యానులో నేరుగా వచ్చేశారు. మొహాల మీద మేకప్ కన్నీళ్లకు చారలు కట్టింది. ముత్తైదువ కదా, కాళ్లకు పసుపు రాయమన్నారు పెద్దవాళ్లు. ఒకమ్మాయి గిన్నె తీసుకుని కూర్చుంది. కుడిపాదం గబగబా రాసేసింది. ఎడమపాదం చేతిలోకి తీసుకుని, మడమ దగ్గర, ఆ అతుకు చర్మం దగ్గర ఆగింది. తర్వాత చేయి వెనక్కి తీసి, ఒక్క వేలి కొస పసుపులో ముంచి, నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా రాసింది.