డాలర్ పెరిగిన ఏడాది

మా అమ్మ రాయ్‌పూర్‌లో నర్సు, నాన్న రైల్వేలో గుమాస్తా. బ్యాంకు లోను తీసుకుని నన్ను మెడిసిన్ చదవడానికి కిర్గిజ్‌స్థాన్ పంపారు. అక్కడ ఫీజు డాలర్లలో కట్టాలి, కూరగాయలు ఆ దేశపు డబ్బు సోముల్లో కొనాలి, ఇంట్లో జీతాలేమో రూపాయల్లో. మొదట్లో క్యాబేజీ ధర కూడా మనసులో రూపాయల్లోకి మార్చుకుని, ఎక్కువనిపిస్తే వదిలేసి వచ్చేదాన్ని.

రెండో ఏడాది ఫీజు కట్టే సమయానికి రూపాయి పడిపోవడం మొదలైంది. రేటు తగ్గుతుందేమోనని నాన్న కొన్నాళ్లు ఆగారు. ఇంకా పెరిగింది. మంజూరైన లోనుకి అనుకున్నన్ని డాలర్లు రాలేదు. శంకర్ నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో సాయంత్రం డ్యూటీ కూడా చేస్తానని అమ్మ ఫోన్లో చెప్పింది. పగలంతా నిలబడే ఆమె కాళ్ల వాపు నాకు తెలుసు. రెండు రోజులు ఆగమన్నాను.

వాయిదాల్లో కట్టడం అక్కడ కుదరదని సీనియర్లు చెప్పారు. అయినా డీన్ దగ్గరికి వెళ్లాను. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరిగినదాన్ని. బజారులో కూరలమ్మే ఆడవాళ్ల దగ్గర రష్యన్ కూడా పట్టుకున్నాను. డీన్ పెద్దావిడ. నేను రష్యన్‌లో మొదలుపెట్టగానే కళ్లజోడు తీసి చూసింది.

"మీరు ఫీజు పెంచలేదు. మా డబ్బు విలువ పడిపోయింది. సగం ఇప్పుడు కడతాను, సగం చలికాలం సెలవుల తర్వాత," అన్నాను.

ఈ భాష ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. బజారులో అన్నాను. నవ్వింది. ఈ ఇబ్బంది నీ ఒక్కదానికేనా అంది. ఇండియా నుంచి వచ్చిన అందరిదీ ఇదే పరిస్థితి అన్నాను. అయితే అందరినీ తీసుకుని రేపు రమ్మంది. మర్నాడు మా అందరికీ గడువు ఇచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. నాన్నకి జరిగిందంతా చెప్పాను.

"డీన్ మేడమ్‌తో రష్యన్‌లోనే మాట్లాడావా?"

"అవును నాన్నా."

"నేనీ ఊరొచ్చిన కొత్తలో హిందీలో కూరగాయల ధర అడగడానిక్కూడా జంకేవోణ్ణమ్మా."

అమ్మ ఫోన్ అందుకుంది. "బాకీ పైసలు మేం చూసుకుంటాం. నువ్వేం ఫికర్ పెట్టుకోకు."

రేటు పెద్దగా తగ్గలేదు. కానీ దసరా ముందు నాన్నకి వచ్చిన బోనస్, ఇద్దరి జీతాల్లో మిగిల్చింది కలిపి రెండో సగం కట్టేశాం. అమ్మ నర్సింగ్ హోమ్‌లో సాయంత్రం డ్యూటీకి వెళ్లాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు నేను రాయ్‌పూర్‌లోనే డాక్టర్ని. ఎవరైనా నా చదువు గురించి అడిగితే, నాన్న మార్కుల జోలికి పోరు. డీన్‌తో నేను మాట్లాడిన సంగతే చెబుతారు.